వెనకవైపు చిన్న మరక

మనుషులు జేబుల్లో ఏమేం దాచుకుంటారో తెలిశాక మనుషుల మీద గౌరవం నిలుపుకోవడం కష్టం. జేబులక్క ఆ కష్టం రోజూ పడుతుంది. ఊరి చివర పెద్ద లాండ్రీలో ఆమె పనే అది. హోటళ్ళవీ, ఆస్పత్రివీ, ఇళ్ళవీ వచ్చిన బట్టలు మిషన్లో పడకముందే ప్రతి జేబులోనూ చెయ్యి పెట్టి చూడాలి. చీదిన గుడ్డలు, నమిలి కాగితంలో చుట్టిన బబుల్‌గమ్, సగం కొరికిన బిస్కెట్టు, ఒకసారి పైవరస కట్టుడుపళ్ళు. గ్లవ్స్ ఇస్తారు, నిజమే. కానీ అవి చేతులకే గానీ మనసుకు తొడుక్కోవడానికి ఉండవు. పైకి మడత నలగని మారాజుల జేబులే లోపల మరీ ఛండాలంగా ఉంటాయని ఆమె అనుభవం. పనిలో చేరిన కొత్తలో ఎవరో జేబులక్క అన్నారు, అదే నిలిచిపోయింది. అసలు పేరు ఆమెకే అప్పుడప్పుడు కొత్తగా వినిపిస్తుంది.

జేబులు చూడటం అయ్యాక ఇంకో పని ఉంది, గుర్తు వేయడం. ఏ దుప్పటి ఏ వార్డుదో, ఏ కోటు ఎవరిదో మూల మీద నల్లసిరా పెన్నుతో రాయాలి. ఆ సిరా ఉడుకునీళ్ళకి పోదు, బ్లీచింగ్‌కి పోదు. గుడ్డ చిరిగి పీలికలైనా గుర్తు మాత్రం మిగులుతుంది. లాండ్రీలో ప్లాస్టిక్ బుట్టల మీద, బక్కెట్ల మీద, చివరికి జేబులక్క అన్నం డబ్బా మీద కూడా అదే సిరా. ఎవరి వస్తువు వాళ్ళకి చేరాలి, అంతే. ఆ పెన్ను ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం తన ఏప్రన్ విప్పి మూటలో పడేసి, దాని జేబు చూడలేదు. ఊరందరి జేబులూ వెతికే చెయ్యి తన జేబులోకి వెళ్ళలేదు. కాసేపటికి మిషన్ గాజుతలుపుకి ఏదో కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. చూస్తే ఆమె ఫోను, నురగలో మునుగుతూ తేలుతూ తిరుగుతోంది. ఒకసారి మొదలైతే ఆ మిషన్ పూర్తయ్యేదాకా తెరుచుకోదు. లాండ్రీ మొత్తం వచ్చి నిలబడి చూసింది. ఇస్త్రీ బల్ల దగ్గరి ముసలాయన, "అక్కా, పిండి ఆరేద్దామా, గంజి కూడా పెట్టమంటావా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఏడవడం బాగుండదని.

ఎందుకంటే ఆ లాండ్రీలో ఫోను లేనివాళ్ళకి పని లేదు. వచ్చే వారం ఏ రోజు ఎవరికి డ్యూటీ అనేది సూపర్‌వైజరు ఆదివారం ఫోన్ గ్రూపులో పెడతాడు. తమ నంబరు నుంచి ముందు నొక్కినవాళ్ళదే పని. నొక్కనివాళ్ళు ఇంట్లో కూర్చోవాలి. జేబులక్క భర్త లారీ మీద ఎక్కడెక్కడో తిరుగుతుంటాడు, ఆయన సంపాదన వచ్చినప్పుడు వచ్చినట్టు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె డ్యూటీల మీదే. ఆదివారానికల్లా చేతిలో ఫోను ఉండాలి, కొత్తది కొనే తాహతు లేదు. సంగతి అంతే.

ఈ కష్టంలో ముందుకొచ్చింది ఆడపడుచు. మందుల షాపులో పనిచేస్తుంది, నోరు కాస్త ఎక్కువ, మనసు అంతకంటే ఎక్కువ. ఆమె ఒకప్పుడు రోడ్డు మీద ఎవడి దగ్గరో ఫోను కొని, ఇంటికొచ్చి డబ్బా విప్పితే లోపల నేలకి వేసే టైలు ముక్క కనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంది గానీ, ఆ ఆకులు ఇప్పుడు వదినకి పనికొచ్చాయి.

"ఒంటరిగా పోకూడదు వదినా. పదిమంది తిరిగే చోట కలవాలి. మన సిమ్ము వేసి మాట్లాడి చూడాలి. ఫోనుకి పుట్టుకతో వచ్చే నంబరొకటి ఉంటుంది, దాన్ని తెర మీదకి రప్పించి డబ్బా మీద ఉన్నదానితో సరిచూడాలి. అన్నిటికంటే ముఖ్యం, పాత మనిషి ఖాతా మన కళ్ళముందే తీసేయించాలి. లేదంటే వాళ్ళు ఎక్కడినుంచో తాళం వేసేస్తారు, మన చేతిలో పలక మిగులుతుంది. డబ్బు చిట్టచివర."

"నీ పెళ్ళికి కూడా ఇన్ని చూడలేదు కదే."

"అందుకే ఇప్పుడు చూస్తున్నా" అంది ఆడపడుచు, తన ఫోన్లో ప్రకటనలు జరుపుతూ. కాసేపటికి ఆగింది. "ఇది చూడు. 'తక్కువ వాడిన ఫోను. డబ్బా ఉంది. ఇంట్లో అవసరం లేక అమ్ముతున్నాం.' ఇంత చవక అంటే ఏదో తిరకాసు ఉండి తీరాలి."

ఫోన్ చేస్తే గొంతు తేనె పూసినట్టుంది. బస్టాండు దగ్గర టీకొట్లో కలుద్దామంటే, "ఇంట్లో మనిషిని వదిలి రాలేను చెల్లెమ్మా, ఏమీ అనుకోకుండా మీరే రండి" అన్నాడు.

"మొదటి షరతే మీరుతున్నాడు" అంది ఆడపడుచు.

"ఇంట్లో మనిషిని వదలని వాడు మంచివాడే అయ్యుంటాడులే" అంది జేబులక్క. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా ఆమెకి నోరు చేదెక్కేది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు. ముందుగది అద్దంలా ఉంది. సోఫాకి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు, కూర్చుంటే కరకరమంటోంది. టీవీ కవర్లో, రిమోట్ కవర్లో, గోడ మీద గడియారం కూడా కవర్లోనే. ఇంటాయన తెల్లచొక్కాలో, జుట్టు నున్నగా దువ్వుకుని, రండి రండి అంటూ మూల ఉన్న స్ప్రే డబ్బా తీసి గదంతా మరోసారి కొట్టాడు. ఏవో పువ్వుల వాసనట, పుట్టి బుద్ధెరిగి అలాంటి వాసనున్న పువ్వు జేబులక్క ఎక్కడా చూడలేదు. గొంతులో జిగటగా పట్టుకుంది. "సెంటుబాబు" అని గొణిగింది ఆడపడుచు.

కానీ జేబులక్క ముక్కు వేరే పనిలో ఉంది. ఆ సెంటు కింద ఇంకో వాసన ఉంది. లాండ్రీకి ఆస్పత్రి మూటలు వచ్చినప్పుడు, ముడి విప్పిన క్షణంలో ముఖానికి కొట్టే వాసన. ఎక్కడిదో పోల్చుకునేలోపే సెంటుబాబు ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు.

ఫోను చూస్తేనే ఒళ్ళు జలదరించింది. మాట వినిపించే చిల్లుల్లో నల్లటి మట్టి, అంచుల వెంట జిడ్డు, తెర మీద ఎండిపోయిన చొంగ చార. అమ్ముకునే వస్తువుని ఒక్కసారి తుడవాలని కూడా తోచలేదా ఈ పెద్దమనిషికి? రిమోట్‌కి కవరు తొడిగిన చేతికి ఇది ఎలా కనపడలేదు? ఆమె చీర కొంగు అడ్డం పెట్టి పట్టుకుంది.

"మీరే వాడేవారా అన్నయ్యా?"

"నేనే. చాలా అపురూపంగా వాడుకున్నా" అన్నాడు, జేబులోంచి తళతళలాడే పెద్ద ఫోను తీసి టైము చూసుకుంటూ.

ఆడపడుచు తన పరీక్షలు మొదలుపెట్టింది. సిమ్ము వేసి మాట్లాడారు, బాగానే వినిపించింది, సిమ్ము వెనక్కి తీసుకున్నారు. పుట్టు నంబరు డబ్బా మీద నంబరుతో సరిపోయింది. ఈలోగా తెర ఆరిపోయి తాళం పడింది. "వేలు పెట్టండి" అని ఆడపడుచు ఫోను చాపితే, సెంటుబాబు దాన్ని తీసుకుని, "ఛార్జర్ పెట్టి తెస్తా" అంటూ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. తిరిగొచ్చేసరికి తాళం తీసి ఉంది. మళ్ళీ ఆరిపోయింది. ఈసారి మంచినీళ్ళు తెస్తానన్నాడు, ఫోను పట్టుకునే వెళ్ళాడు. తాళం తీసిన ఫోను వచ్చింది గానీ మంచినీళ్ళు రాలేదు.

"ఈయన వేలు లోపల గదిలో దాచుకున్నాడా ఏంటి" అంది ఆడపడుచు మెల్లగా.

జేబులక్క తెర చూస్తోంది. అక్షరాలు చాలా పెద్దగా ఉన్నాయి. మధ్యలో పెద్ద పెద్ద గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ. గ్లాసు, లైటు, మంచం. జిడ్డంతా ఆ గళ్ళ మీదే, ఒకే వేలు మళ్ళీ మళ్ళీ ఆనినట్టు. మంచం బొమ్మ మీద ఆమె వేలు తగిలింది.

"నన్ను పక్కకి తిప్పండి" అంది ఫోను, ఏ భావమూ లేని ఆడగొంతుతో.

లోపలి గదిలోంచి ఒక మూలుగు వినిపించింది. జవాబిచ్చినట్టే ఉంది.

"అదేదో పిల్లల ఆటలెండి" అన్నాడు సెంటుబాబు, తేలు కుట్టిన దొంగలా ముఖం పెట్టి. "ఆ చప్పుడు పిల్లిది."

"మీ పిల్లికి మనిషి గొంతు ఉందే" అంది ఆడపడుచు.

ఆయన విననట్టు నవ్వాడు. ఇక మిగిలింది ఖాతా తీసేయడం. ఆడపడుచు నొక్కుకుంటూ వెళ్ళింది, ఫోను మళ్ళీ వేలు అడిగింది. సెంటుబాబు ఫోను అందుకుని లేచాడు. జేబులక్క కూడా లేచింది. "మా కళ్ళముందే తీసేయాలి అన్నయ్యా, అది మా షరతు" అంది. "గది శుభ్రంగా లేదమ్మా, మీరు కూర్చోండి" అంటూనే ఆయన లోపలికి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది.

పైన పటారం, లోన లొటారం అంటారు. ఆ ఇంటి లోన ఎలా ఉందంటే, జేబులక్క లాంటి మనిషికే గడప మీద కాలు ఆగిపోయింది. కిటికీ మూసి మేకు కొట్టి ఉంది. మంచం పక్కన బక్కెట్టు, దాని మీద ఈగలు. గ్లాసు అడుగున ఎండి పగిలిన పాలు. మంచం మీద ఒక మనిషి, సెంటుబాబు ముఖమే, కాకపోతే సగం ముఖం కిందికి జారిపోయింది. నోరు ఒక పక్కకి లాగేసి ఉంది. కింద పరిచిన దుప్పటి ఏ రంగుదో చెప్పడం కష్టం. ఆస్పత్రి మూటల్లో ఇంతకంటే పాడు దుప్పట్లు ఆమె విప్పింది. కానీ వాటిలో మనిషి ఉండడు.

సెంటుబాబు ఆ మనిషి కుడిచేతిని పట్టుకుని ఉన్నాడు. ఒంట్లో కదిలేది ఆ చెయ్యి ఒక్కటే. ఆ చేతి బొటనవేలిని లోపలికి ముడిచి, పిడికిలి బిగించి ఉన్నాడు మంచం మీది మనిషి.

"మా అన్నయ్యమ్మా. పక్షవాతం. మాట లేదు" అన్నాడు సెంటుబాబు, కొట్లో సామాను చూపిస్తున్నంత మామూలుగా. "ఇందాకటి దాకా బుద్ధిగానే వేలు పెట్టాడు. ఫోను తిరిగి ఇచ్చేస్తానంటే నమ్మాడు. ఇప్పుడు మిమ్మల్ని చూసి మొండికేశాడు." అంటూనే పిడికిలిని ఒక్కో వేలూ విరిచినట్టు విప్పి, చెమటపట్టిన బొటనవేలిని ఆ దుప్పటి మూలకే తుడిచి, రశీదు మీద ముద్ర వేసినట్టు ఫోను మీద అదిమాడు. తాళం తెరుచుకుంది. "ఇదిగో చెల్లెమ్మా. ఇక తీసేయి అని నొక్కడమే."

ఫోను ఆమె చేతిలోకి వచ్చింది. తెర మీద ఒకే ప్రశ్న ఉంది, ఈ ఖాతా తీసేయాలా అని. కింద అవును అన్న గడి.

ఆ క్షణంలో జేబులక్క వేలు ఆ గడి మీదే ఉంది. ఆ మాట దాచి ప్రయోజనం లేదు. ఆదివారం కళ్ళముందు కదిలింది, గ్రూపులో డ్యూటీలు, ముందు నొక్కినవాళ్ళ పేర్లు. గుమ్మంలోంచి ఆడపడుచు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "వదినా, నొక్కెయ్, పోదాం. వాళ్ళ ఇంటి గొడవ మనకెందుకు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది. నిజమే. నొక్కితే అయిపోయేది.

మంచం మీది మనిషి ఆమెనే చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టు కూడా కాదు. ఇలాంటివాళ్ళు వస్తారని ముందే తెలిసినట్టు చూస్తున్నాడు. ఆ చూపులో తానూ సెంటుబాబూ ఒకటేనని ఆమెకి అర్థమైంది. తన వేలు చూసుకుంటే తనకే రోత పుట్టింది. జేబుల్లో ఏ ఛండాలం తగిలినా ఇంత రోత ఎన్నడూ పుట్టలేదు.

ఆమె వెనక్కి నొక్కింది. మళ్ళీ గళ్ళు వచ్చాయి. ఫోను తీసుకెళ్ళి ఆ కుడిచేతిలో పెట్టింది.

"అదేంటమ్మా" అన్నాడు సెంటుబాబు. "వాడికి ఫోనెందుకు. ఎవరితో మాట్లాడాలి వాడు. రోజంతా అదే మోత, నీళ్ళు, లైటు, పక్కకి తిప్పండి. నేనూ మనిషినే కదా, నాకు నిద్ర అక్కర్లేదా. వాడి మందులకే కదా అమ్ముతున్నాను."

"ఏ మందులు?" అంది ఆడపడుచు. కొంగు ముక్కు మీదినుంచి దిగింది. మందుల సంగతి వస్తే ఆమె ఊరుకోదు. "పేరు చెప్పండి చూద్దాం. ఈ గదిలో ఒక్క మాత్ర అట్ట కూడా లేదే."

సెంటుబాబు చొక్కా మడత సర్దుకున్నాడు. ఫోను మాట్లాడింది.

"నన్ను పక్కకి తిప్పండి."

"విన్నావుగా" అంది జేబులక్క. 'మీరు' అన్న మాట ఆమె నోటికి ఇక రాలేదు. "తిప్పు."

ఆయన కదల్లేదు. తెల్లచొక్కా నలుగుతుందని కాబోలు. ఆడపడుచు భుజాల దగ్గర పట్టుకుంది, జేబులక్క నడుం దగ్గర. తిప్పితే వీపు కింద చర్మం దుప్పటికి అంటుకుని ఉంది. ఆడపడుచు ముఖం పక్కకి తిప్పుకుని కళ్ళు మూసుకుంది, చేతులు మాత్రం వదల్లేదు. గ్లాసులో నీళ్ళు తెచ్చి తడిపి, మెల్లగా విడదీశారు. జేబులక్క ఆ దుప్పటి లాగేసి, బీరువాలో మడతపెట్టి దాచిన కొత్త దుప్పటి తీసి పరిచింది. దానికి కూడా ప్లాస్టిక్ కవరే.

పాత దుప్పటి చేత్తో పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, కరకరలాడే సోఫా మీద పరిచింది. నాలుగు మూలలూ సర్ది, హోటల్ గదిలో సర్దినట్టు చేత్తో మడతలు సాపు చేసింది.

"నీ సెంటు దీని మీద కొట్టుకో" అంది.

తర్వాత సంచిలోంచి నల్లసిరా పెన్ను తీసింది. గదిలోకి వెళ్ళి, "నీ ఫోను ఒక్కసారి ఇస్తావా అన్నయ్యా" అని మంచం మీది మనిషిని అడిగింది. ఆయన చాలాసేపు చూశాడు, తర్వాత పిడికిలి వదిలాడు. ఆమె ఫోను తిప్పి, గరుకు ప్లాస్టిక్ వీపు మీద, లాండ్రీలో దుప్పటి మూల రాసే గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఇది లోపలి గదిలో ఉన్న అన్నది. ఆయన్ని చూడకుండా కొనకండి.' ఆరేదాకా ఊదింది. తిరిగి చేతిలో పెట్టింది.

బయటికొచ్చాక ఆడపడుచు పక్కింటి తలుపు తట్టింది. విషయం చెబితే పక్కింటావిడ, "తెలుసమ్మా. వాసనొస్తుంది. అందుకే ఆ వైపు కిటికీ వేసుకుంటాం" అని తలుపు కూడా వేసుకుంది. ఇద్దరూ బస్సెక్కారు. ఇంటికెళ్ళి జేబులక్క చేతులు సబ్బుతో తోమింది, మళ్ళీ తోమింది. ఆ ఇంటి పువ్వుల సెంటే చివరిదాకా వదల్లేదు.

ఆదివారం డ్యూటీలు వచ్చాయి, పోయాయి. సోమవారం పొద్దున్నే ఆమె లాండ్రీ గేటు దగ్గరికెళ్ళి నిలబడింది. సూపర్‌వైజరు చూసి, "గ్రూపు చూడలేదా అక్కా? అన్నీ అయిపోయాయి. ఎవరూ నొక్కనిది ఒకటే మిగిలింది, ఆస్పత్రి మూటలు విప్పే గది" అన్నాడు. ఆ గదిలో పని ఎవరికి పడినా ఆ రోజు అన్నం సహించదు. "సరే" అంది ఆమె. వారం మొత్తం అదే.

కానీ ఆ గదికే రోజూ ఆస్పత్రి నర్సమ్మ దుప్పట్లు అప్పజెప్పడానికి వస్తుంది. ఆ సోమవారమే జేబులక్క మూటలు విప్పుతూ ఆమెకి మంచం మీది మనిషి వీపు గురించి చెప్పింది. నర్సమ్మ రాసుకుంటున్నది ఆపి, "పుండు నల్లగా ఉందా, ఎర్రగా ఉందా" అని మాత్రం అడిగింది. చెప్పాక, "డ్యూటీ దిగగానే వెళ్దాం. నువ్వు ఇల్లు చూపించు" అంది.

సాయంత్రం గేటు దగ్గర ఇద్దరూ బయల్దేరబోతుంటే ఆడపడుచు మందుల షాపు నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. తన ఫోను చూపించింది. అదే ప్రకటన, అదే ఫోను. ముందువైపు ఫోటో ఒక్కటే పెట్టాడు, రేటు ఇంకా తగ్గించాడు. కింద కొత్తగా ఒక వాక్యం చేర్చాడు. 'వెనకవైపు చిన్న మరక ఉంది. తుడిస్తే పోతుంది.'

అంటే ఫోను మళ్ళీ ఆ పిడికిల్లోంచి బయటికొచ్చింది. జేబులక్క ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. ఎన్ని జేబులు వెతికిందో ఈ పదేళ్ళలో, ఇంత మురికి మాట ఏ జేబులోనూ దొరకలేదు.

"కొంటామని ఫోన్ చెయ్యి" అంది ఆడపడుచుతో. "గొంతు మార్చి మాట్లాడు. నర్సమ్మగారు కూడా వస్తున్నారని చెప్పకు, తలుపు మాత్రం తీసి ఉంచుకోమను."

"వాడు ఈపాటికి తుడిచేసి ఉంటే?"

జేబులక్క తన అన్నం డబ్బా పైకెత్తింది. పదేళ్ళుగా రోజూ పీచుతో తోముతున్న డబ్బా అది. మూత మీద ఆమె అసలు పేరు నల్లగా అలాగే ఉంది.

"పోదు" అంది, డబ్బా సంచిలో పెట్టుకుని బస్సు వైపు నడుస్తూ.